డబ్బాలోంచే వచ్చిన సొట్ట

ఇన్వర్‌కార్గిల్ ఊళ్లో ల్యాప్‌టాప్‌లు బాగుచేసే దుకాణం. బల్లకు ఇవతల మెకానిక్ తామతి, అవతల డెబ్బై దాటిన ఐలీన్ మెక్రోస్టీ. మధ్యలో పందొమ్మిది రోజుల క్రితం కొన్న ఖరీదైన ల్యాప్‌టాప్.

"డబ్బాలోంచి తీసినప్పుడే ఉంది బాబూ ఈ సొట్ట. ఎన్నిసార్లు చెప్పమంటావు? శనివారంలోపు ఇది తేలాలి నాకు."

"ఎన్నిసార్లు చెప్పినా నేను అడగాల్సిందే అమ్మా. డబ్బాలోంచి ఎవరు తీశారు?"

"మేమే."

"మేమంటే?"

"నేనూ, మా ఆయన అలెక్."

"తీసినప్పుడే చూస్తే ఆ రోజే తేవాలి కదా? పందొమ్మిది రోజులు ఏం చేశారు?"

"చూడలేదు. అంటే... చూశాం. పట్టించుకోలేదు."

"చూశారా, చూడలేదా?"

"నువ్వు మెకానిక్‌వా, పోలీసువా? ఇదిగో, చీజ్ రోల్స్ తెచ్చాను. పొద్దున కాల్చినవే, వెన్న కూడా రాశాను. తిను."

"ఇదేమిటి, లంచమా?"

"లంచమేమిటి! చిక్కిపోయి ఉన్నావు, తిను."

"తొంభై ఐదు కిలోలున్నానమ్మా నేను. ల్యాప్‌టాప్ వచ్చిన ఆ అట్టడబ్బా ఏది?"

"పొయ్యిలో వేశాను. చలికి."

"బాగుంది. సాక్ష్యం బూడిదైపోయింది."

"ఏమిటి గొణుగుతున్నావు?"

"ఏం లేదు. కొన్న రోజు ఫోటో ఏమైనా తీశారా?"

"లేదు. అంటే, ఒకటి తీశాను. అందులో ఏమీ కనపడదు."

"చూపించండి."

"కనపడదన్నానుగా."

"ఫరవాలేదు, ఇలా ఇవ్వండి. ఈయనేనా మీవారు? ల్యాప్‌టాప్‌ని ఒళ్లో పెట్టుకుని చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు మురిసిపోతున్నారే! ఇదిగో, కుడివైపు మూల. పెద్దది చేసి చూస్తే నున్నగా ఉంది. సొట్ట లేదు."

"వెలుగు అలా పడింది."

"వెలుగు పడితే సొట్ట పూడిపోతుందా? పోనీ ఈ దీపం కింద చూడండి. ఫ్యాక్టరీలో తప్పు జరిగితే రంగు బుడగలాగా లేస్తుంది. ఇది గీసుకుపోయింది. ఈ గీతలో తెల్లపొడి చూశారా? మీ వంటింట్లో టైల్సే కదా?"

"అందరి వంటిళ్లలోనూ టైల్సే."

"పోయిన నెల ఒకాయన ట్రాక్టరు తొక్కినదాన్ని తెచ్చి డబ్బాలోంచే ఇలా వచ్చిందన్నాడు. మూత మీద టైరు గుర్తులు అలాగే ఉన్నాయి. నా చెవిలో పువ్వు పెట్టడం అంత తేలిక కాదమ్మా."

"నేను ట్రాక్టరు ఎక్కించలేదు."

"సరే, మీ మాటే నిజమనుకుందాం. ఫ్యాక్టరీ లోపమైతే చట్టం మీ వైపే, గొడవే లేదు. ఆక్లండ్‌లో కంపెనీవాళ్లకి పంపిస్తాను, వాళ్లు భూతద్దం పెట్టి చూస్తారు. ఒప్పుకుంటే కొత్తది ఇస్తారు."

"వద్దు!"

"వద్దా?"

"ఎక్కడికీ పంపొద్దు. కొత్తది నాకెందుకు? ఇది శుభ్రంగా పనిచేస్తోంది."

"డబ్బు వెనక్కి కావాలా?"

"డబ్బూ వద్దు."

"మూత మార్చమంటారా?"

"ముట్టుకోకు. అలాగే ఉండనీ."

"వారంటీ కోసం వచ్చి ఏమీ వద్దనే మనిషిని ఇంతవరకూ చూడలేదమ్మా. అసలు మీకేం కావాలి?"

"ఒక్క వాక్యం. మీ దుకాణం కాగితం మీద, ముద్ర వేసి. 'ఈ సొట్ట ఫ్యాక్టరీ నుంచే వచ్చింది' అని."

"ఓహో! అలా చెప్పండి. ఇన్సూరెన్సు వాళ్లకా?"

"కాదు."

"ఎవరికైనా అంటగడుతున్నారా?"

"ఛీ! మమ్మల్ని చూస్తే అలాంటి వాళ్లలా ఉన్నామా?"

"ఎలాంటి వాళ్లో తెలియకే అడుగుతున్నాను. శనివారం ఏముంది?"

"ఏదో మీటింగు."

"ఏ మీటింగు?"

"గొర్రెలు కాసే కుక్కలకి పోటీలు పెడతారే, ఆ క్లబ్బుది."

"కుక్కల క్లబ్బుకీ ఈ సొట్టకీ ఏమిటి సంబంధం? మీ ఆయన్ని రమ్మనండి, ఆయన్నే అడుగుతాను."

"కారులో కూర్చున్నాడు. రాడు."

"ఎందుకు రాడు?"

"రాడంతే."

"అయితే నేనే వెళ్లి అడుగుతాను."

"వద్దు బాబూ, నీకు పుణ్యముంటుంది! అలెక్‌కి పోయినేడాది పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి మాట వినదు. ముప్పై ఆరేళ్లుగా ఆ క్లబ్బుకి సెక్రటరీ. ఏ కుక్కకి ఎన్ని మార్కులొచ్చాయో అంతా ఆయనే రాయాలి. కలం పట్టలేకపోతున్నాడు, ఎడంచేత్తో టైపు చేసుకుంటాడని ఇది కొన్నాను. రెండు వారాలు ఎంత హుషారుగా ఉన్నాడనీ! మొన్న పొద్దున సొట్ట చూశాడు. 'నేనే పడేసుంటాను, గుర్తు కూడా లేదు' అన్నాడు. మూత మూశాడు. మళ్లీ తెరవలేదు. శనివారం రాజీనామా ఇస్తాడట. అదీ వదిలేస్తే ఇంక ఆ మనిషి కుర్చీలోంచి లేవడు. నాకు భయమేస్తోంది."

"ముందే చెప్పకూడదా అమ్మా."

"ఇప్పుడు చెప్పానుగా. రాయి నాయనా, ఒక్క వాక్యం."

"సంతకం పెట్టి అబద్ధం ఎలా రాయను? ఎవరైనా ఆ కాగితం మా పైవాళ్లకి చూపిస్తే నా ఉద్యోగం ఊడుతుంది. ఇది పడింది, అందులో అనుమానం లేదు. పాపం, ఆయన చేతిలోంచి జారి..."

"ఆయన చేతిలోంచి జారలేదు!"

"మీకెలా తెలుసు?"

"తెలుసు."

"అదే, ఎలా?"

"తెలుసన్నానుగా!"

"వచ్చినప్పట్నుంచీ ఒక్కదానికీ తిన్నగా జవాబు చెప్పలేదు మీరు. ఎవరు పడేశారు?"

"నేనే. భోజనానికి కంచాలు పెడదామని బల్ల మీంచి తీస్తుంటే జారిపోయింది. ఆయన స్నానం చేస్తున్నాడు."

"హమ్మయ్య! ఈ మాత్రానికి కాగితాలూ ముద్రలూ ఎందుకు? కారు దగ్గరికెళ్లి, పడేసింది నేనని చెప్పేయండి. అయిపోతుంది."

"చెప్పలేదనుకుంటున్నావా? ఆ పొద్దున్నే చెప్పాను. ఒట్టేసి చెప్పాను. కానీ ఏడాదిగా ఆయన పగలగొట్టిన ప్రతి కప్పూ, ప్రతి గ్లాసూ నేనే పగలగొట్టానని చెబుతూ వచ్చాను బాబూ. ఇదీ అలాంటిదే అనుకుని, 'నువ్వు చాలా మంచిదానివి ఐలీన్' అని నా చెయ్యి నిమిరాడు."