మెదెర్ పేరు పెట్టి పిలిస్తే వచ్చిన గుర్రాలు

పశువుల ఆఫీసు ఎదురుగా బురుల్ టీకొట్టులో కూర్చుని ముసలి ఎసెన్ చేతిలో కాగితాన్ని నాలుగోసారి చూసుకున్నాడు. ఆయనకున్నవి పదకొండు గుర్రాలు. కాగితంలో ఉన్నది ఒక్కటే. పదకొండింటికీ టీకాలు పడ్డట్టు రాసివ్వకపోతే కనుమ దగ్గర మందను ఆపేస్తారు. కొండమీది మేతకు ఎల్లుండికల్లా చేరకపోతే కింద గడ్డి పరక లేదు. ఆ కాగితం ఇచ్చిన ఆఫీసు గుమాస్తా మెదెర్ పక్క బల్ల దగ్గరే నూనెలో వేయించిన బోర్సోక్ రొట్టెముక్కలు నములుతూ కోతలు కోస్తున్నాడు.

"కంప్యూటర్లో పశువుల ఆసామి పేరు కొడితే ఏం చేస్తుందనుకున్నారు? మొదట కనబడ్డ వరస ఒక్కటి చూపించి పడుకుంటుంది. అదే పేరు మీద కింద ఇంకో పాతికున్నా దానికి పట్టదు. నేనూరుకుంటానా, ఫార్ములా రాశా. ఇప్పుడు పేరు కొడితే చాలు, ఆ పేరు మీదున్నవన్నీ వాటంతటవే వచ్చి బారులు తీరతాయి."

"అన్నీనా?" అన్నాడు ఎసెన్.

"అన్నీ, బాబాయ్. మొదటిరోజు ఒకాయన పేరు కొడితే నలభై గొర్రెలొచ్చాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆయన అమ్మేసినవీ వచ్చాయి. రెండేళ్ళ కిందట తోడేలు తిన్న పొట్టేలొచ్చింది, దాని వెనకే ఆ తోడేలూ వచ్చింది, టీకా వేసిన తేదీతో సహా. ఇక చాలంటే ఆగితేనా, సరిహద్దవతల మేస్తున్నవి కూడా పేరు వినబడగానే కంచె దూకి వచ్చేశాయి, మా మూడో అంతస్తు దాకా మెట్లన్నీ గిట్టల చప్పుడే."

"మీ ఆఫీసుకు ఉన్నది ఒకటే అంతస్తు కదయ్యా" అన్నాడు నారిన్ ఊరికి వెళ్ళే లారీ డ్రైవరు.

"అప్పుడు మూడు. ఆ తొక్కిడికి దిగబడిపోయింది."

అందరూ నవ్వారు. ఎసెన్‌కు మాత్రం తల తిరిగిపోయింది. తోడేలు ఎవరి పేరు మీద ఉన్నట్టు? కంచెలు దూకించే ఫార్ములా తన గుర్రాల దగ్గర ఎందుకు మొరాయించినట్టు? తన పేరు తనే సరిగ్గా చెప్పుకోలేదేమో.

"నాయనా, మరి నా పేరుకు ఒక్కటే వచ్చిందేం?" అని కాగితం మెదెర్ ముందు పెట్టాడు.

మెదెర్ దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "కరెంటు తక్కువుంది... పైగా మీ గుర్రాలు కాస్త పెంకివి, బాబాయ్."

ఎసెన్ గిన్నెలో టీ పోస్తూ బురుల్ అంది: "ఏం ఫార్ములారా? మొన్న పగలంతా ఆ మూల కాగితాల కట్ట పరుచుకుని, స్కేలు పెట్టి ఒక్కో వరసా కిందికి జరుపుతూ వెతికావు. కళ్ళు లాగుతున్నాయని సగం నాచేత చదివించావు."

మెదెర్ చెవులు ఎర్రబడ్డాయి. ఎసెన్ మొహం మాత్రం విచ్చుకుంది. ఇంతసేపటికి ఆయనకు అర్థమయ్యే మాట ఒకటి దొరికింది.

"ఆ స్కేలు ఇప్పుడుందా, నాయనా?"

మెదెర్ జేబులోంచి స్కేలు తీశాడు. "పదండి బాబాయ్. అక్కా, కాసేపు కొట్టు మూసి నువ్వూ రా."

పొద్దు వాలేలోగా ఆఫీసు కాగితాల కట్టల్లో మిగతా పది గుర్రాల వరసలూ దొరికాయి. అందులో ఏడు బురుల్ కంటబడ్డవే.