కాంతమణి కన్ను కేసు

హలో… ఆ, నేనేనే వసుధా, మీ అక్కనే!

…ఇరవై సార్లు చేసినవా? అయ్యో, కోర్టుల ఫోన్ బంద్ వెట్టి మర్చేపోయిన.

…చెప్త, చెప్త. కూసున్నవా, నిలబడ్డవా? ముందుగాల కూసో.

గెల్చినమే!

…అబ్బ, చెవులు పోతయి, అరవకు! మౌలాలి మొత్తం లేస్తది. …ఆ, నిజంగనే. ఆ సర్కారు ఆర్డరు కొట్టేసిండ్రు. ఇప్పుడే ఇంట్ల అడుగు వెట్టిన, చెప్పులు సుత ఇడ్వలె.

…జడ్జి ఏమన్నరంటే— ఆగు, వకీలు పిల్ల కల్పలత కాయితం మీద రాసిచ్చింది… ఏడ వెట్టిన… తియ్, నోటికే వచ్చు. జనం ఆరోగ్యం చూసుడు సర్కారు పనేనట, రాజ్యాంగంల నలభై ఏడో ఆర్టికల్ అదే చెప్తదట. గానీ మనిషి ఒప్పుకోకుండ ఒంటి మీద కత్తి వెడ్తమంటే మాత్రం ఇరవై ఒకటో ఆర్టికల్ అడ్డం నిలబడ్తది. "కంటి ఆపరేషన్ చేయించుకోకుంటే హెల్త్ కార్డు రద్దు" అనే అధికారం సర్కారుకు లేదన్నరు.

…నా ఒక్కదాని కార్డేనా? చిలకలగూడల మా గల్లీ ముప్పై మందివి ఆపిండ్రు గద, అందరియి మళ్ళ షురూ! మీ బావ బీపీ గోలీలు సుత.

…మీ బావ ఏడుండు? ఉస్మానియా బిస్కెట్ల డబ్బా పట్టుకొని ఇల్లిల్లు తిరుగుతుండు. షుగరున్నోళ్ళ నోట్ల సుత కుక్కుతుండు!

…కల్పలత మస్తు మాట్లాడిందే. "ఈమె ముప్పై రెండేండ్లు సర్కారు దవాఖానల నర్సు. ఆపరేషన్‌కు ముందు ఒక్కొక్కరికి ఫారం చదివి, అర్థమైందా అని రెండుసార్లు అడిగి, గప్పుడు వేలిముద్ర ఏయించింది. గట్లాంటి మనిషికి కంటి క్యాంపుల ఖాళీ ఫారం ముందట వెట్టి సంతకం చెయ్యమన్నరు" అన్నది. నాకైతే గుండె పొంగిపోయింది.

…అయ్యో, అసలు సంగతి చెప్పనే లేదు! నవ్వొద్దు మరి. బయటికి రాంగనే ఈ మసక కంటికి నల్లకోటు కనబడ్డది. కల్పలతనే అనుకొని ఉరికిపోయి గట్టిగ పట్టుకున్న. "నా బంగారు తల్లీ" అని బుగ్గ మీద ముద్దు సుత వెట్టిన…

మీసాలు గుచ్చుకున్నయే!

…సర్కారు తరఫు వకీలు!

…నవ్వొద్దంటి గద! …ఏమంటడు పాపం. "ముబారక్ అమ్మా, జెర ఆ కన్ను చూపించుకోండి" అన్నడు.

…ఆ.

…తిట్టు, తిట్టు. ఏడాది సంది అదే గద నీ మాట. కేసు గెలుస్తవ్ గానీ కన్ను పోతదని.

…పోలేదే. ఇంక లేట్ చేస్తేనే తక్లీఫ్ అన్నది డాక్టరమ్మ.

…ఏ డాక్టరమ్మనా? కోర్టుకెల్లి సీదా దవాఖానకే పోయిన. …క్యాంపు వెట్టిన అదే దవాఖాన. అదే ఆపరేషన్! సోమవారం పొద్దుగాల తొమ్మిదింటికి.

…పిచ్చి లేసిందా అంటవేంది? అప్పుడేమో గుంజుకపోతమన్నరు. ఇప్పుడు నేనే నడ్సుకుంట పోయి పేరు రాయించుకున్న.

…తేడా ఎట్ల లేదు? ఆ డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకొని "చెయ్యమంటరా అమ్మా?" అని అడిగిందే. గా ఒక్క మాట కోసమే గద ఏడాది సంది ఇంత లొల్లి.

…భయమా? నాకా? ముప్పై రెండేండ్లు ఆపరేషన్ థియేటర్ల—

…అయితుంది. మస్తు అయితుంది వసుధా. ఎంతమందికి ధైర్యం చెప్పిననో, నాకు నేను చెప్పుకుంటే ఎక్కుతలేదు. మీ బావకు చెప్పలె. ఆయన నాకంటే పిరికోడు.

సోమవారం నా పక్కన ఉంటవా?

…హుకుం కాదే. అక్క చెప్పిందని రావద్దు. అడుగుతున్న. నీ ఇష్టం.

…ఆదివారమే వస్తవా?

…సరే. …సరే తల్లీ. ఇగ పెట్టెయ్, చెప్పులు ఇంక ఇడ్వనే లేదు.