నెవ్ హార్ట్‌విగ్ కోసిన మూడు ముక్కలు

"పెద్ద ఘనకార్యమేమీ కాదమ్మాయ్. తుపాకీకి భుజానికి ఆనే చెక్క మడమ కోశాను, అంతే," అంటూ మొదలుపెట్టాడు నెవ్ హార్ట్‌విగ్.

ఆ ఆదివారం మధ్యాహ్నం మా గన్ క్లబ్బు రేకుల షెడ్డులో నలుగురమే ఉన్నాం. 1974 ఈస్టర్ పోటీకి నలభై ఒక్కమంది వచ్చినట్టు మినిట్స్ పుస్తకంలో ఉంది. నెవ్ మాత్రం నాలుగు వందలంటాడు. ఇప్పుడు నేను పాయింట్లు రాస్తాను, కోలీన్ టీ కాస్తుంది, నెవ్ మాట్లాడతాడు. నాలుగో మనిషి బ్రియనీ. పన్నెండేళ్ల పిల్ల, క్లబ్బు మొత్తానికి ఒకే ఒక్క జూనియర్. కిందటి వారం క్లబ్బువారి పన్నెండు గేజ్ తుపాకీ పేల్చి భుజం కమిలి, ఏడుపు ఆపుకుంటూ ఇంటికి వెళ్లింది. అరువు తీసుకున్న, చప్పుడు ఆపే చెవి మూతలు తిరిగి ఇచ్చేసి, ఇక రానని చెప్పడానికే ఇవాళ వచ్చింది. ఆ మాట ఆమె నోట్లోంచి పూర్తిగా రాకముందే నెవ్ తన కారులోంచి పొడవాటి పెట్టె తెచ్చి బల్లమీద తెరిచాడు. లోపల కీలు దగ్గర మధ్యకు విరిచి తెరిచి ఉన్న ఇరవై గేజ్ తుపాకీ, పన్నెండు గేజ్ కన్నా సన్నది, పక్కన పాత పొగాకు డబ్బా.

"మా మనవరాలు టెగన్‌కి సరిగ్గా నీ వయసప్పుడు కోశాను. వేలెడు మందాన మూడు ముక్కలు. పిల్ల ఎదిగేకొద్దీ ఏడాదికో ముక్క మళ్లీ మరలతో బిగించడమే, చొక్కా మడత విప్పినట్టు. అందరూ పిల్లల చేతికి నాలుగు-పది అనే మరీ సన్న తుపాకీ ఇస్తారు. ఇవ్వకూడదు. అది భుజాన్ని తన్నదు, నిజమే, కానీ అందులో గుళ్లు పిడికెడైనా ఉండవు, గాల్లోకి ఎగరేసిన మట్టి బిళ్లకు తగలక పిల్ల విసుగెత్తి పోతుంది. ఇరవై గేజ్ కావాలి, తుపాకీ కాస్త బరువుండాలి, తూటాలో మందు తక్కువుండాలి, గుళ్లు శబ్దం కన్నా నెమ్మదిగా వెళ్లాలి. అప్పుడు తన్నూ అంత ఉండదు, చప్పుడూ అంత ఉండదు. మొదటిరోజు ఇరవై అయిదు బిళ్లల్లో పందొమ్మిది పగలగొట్టింది."

ఇంతవరకూ ఆయన చెప్పినదాంట్లో, ఆ చివరి అంకె తప్ప, నేను కాదనగలిగిందేమీ లేదు.

"పోయినసారి పదిహేడన్నావు," అంది కోలీన్, సాసేజ్ పెట్టిన రొట్టె పిల్ల ముందుకు జరుపుతూ.

"పోయినసారి గాలి ఎదురుగా ఉంది. విను అమ్మాయ్, రెండో ఆదివారం నేనింకొంచెం మందు తగ్గించాను. పిల్ల భుజం మీద నిండు టీ కప్పు పెట్టి పేల్చమన్నాను. ఇరవై అయిదు తూటాలు పేల్చింది, ఒక్క చుక్క తొణికితే ఒట్టు! ఆఖరికి ఆ టీ నేనే తాగాను, చల్లారింది కూడా."

"చక్కెర వేశావా?"

"రెండు చెంచాలు. అవీ కరగలేదు, అంత కదలకుండా ఉంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

బ్రియనీ తెలియదన్నట్టు తల ఊపింది. ఆమె వేళ్లు పొగాకు డబ్బా మూతతో ఆడుకుంటున్నాయి.

"మూడో ఆదివారం ఇంకాస్త తగ్గించాను. అదిగో ఆ తీగమీద గలా పక్షులు, గులాబీ రొమ్ము చిలకలు, వరసగా నిద్రపోతున్నాయి, రెండొందలు ఉంటాయి. టెగన్ పేల్చింది, ఒక్కటైనా కన్ను తెరవలేదు. అదీ కాదు, మట్టి బిళ్లకే తెలియలేదు, తనకు దెబ్బ తగిలిందని! అది అలాగే కంచె దాటి నా గోధుమచేలో దిగి కూర్చుంది. మంగళవారం నేను అటుగా వెళ్తూ, 'నీ పని ఆదివారమే అయిపోయిందే పిచ్చిదానా' అన్నాను, అప్పుడు పగిలింది పాపం."

పిల్ల నవ్వింది. వచ్చినప్పటినుంచి నవ్వడం అదే మొదలు. నెవ్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"ఇక్కడే నేను తప్పు చేశాను. అక్కడితో ఆపాల్సింది. ఇంకా తగ్గించాను. తగ్గించి తగ్గించి తన్ను సున్నా దాటి అటువైపు పోయింది. తుపాకీ వెనక్కి తన్నడం మానేసి ముందుకు లాగడం మొదలెట్టింది! మొదటి తూటాకే పిల్ల రెండడుగులు ముందుకెళ్లింది. నేనో పక్క, కోలీన్ ఇంకో పక్క బెల్టు పట్టుకుని వేలాడాం..."

"నన్నెప్పుడు పట్టుకోమన్నావయ్యా?"

"నీకు గుర్తుండదు, భయంతో కళ్లు మూసుకున్నావు. ఇరవై నాలుగు దాకా ఆపగలిగాం. ఇరవై అయిదో తూటాకి బెల్టు తెగింది. పిల్ల లేచింది! ధాన్యం గాదెల మీదుగా, ఉప్పు సరస్సు మీదుగా, పోర్ట్ అగస్టా దాటి, నల్లర్‌బోర్ మైదానమంతా ఒక్క ఊపులో దాటి, వెళ్లి దేశానికి పడమటి చివరన పెర్త్‌లో దిగింది. నిలబడే దిగింది, మోకాలైనా గీసుకోలేదు. మర్యాద తెలిసిన పిల్ల కదా, తుపాకీ మాత్రం వెళ్తూ వెళ్తూ నా చేతిలోకి విసిరేసింది. అందుకే అక్కడుంటోంది. అందుకే రాలేకపోతోంది మరి, తిరిగి రావాలంటే అక్కణ్నుంచి పేల్చాలి, తుపాకీ చూస్తే ఇక్కడుండిపోయింది."

కోలీన్ టీ పాత్ర కుళాయి కట్టేసే ఉన్నా మళ్లీ తిప్పి కట్టింది.

బ్రియనీ డబ్బాలోని ముక్కలు ఒక్కొక్కటే తీసి బల్లమీద పేర్చింది. వాటిమీద పెన్సిలుతో 13, 14, 15 అని రాసి ఉంది. తర్వాత ఖాళీ తుపాకీ మడమను తన మోచేతి మడతలో ఆనించుకుంది. మడమ పొడవు సరిపోతుందో లేదో చూడటానికి అది ఇక్కడి పాత కొలత, అంత నమ్మదగినది కాదు. అయినా ఆమె వేలు సరిగ్గా ట్రిగ్గర్ దగ్గర ఆగింది.

"మిస్టర్ హార్ట్‌విగ్, టెగన్‌కి ఇప్పుడెన్నేళ్లు?"

"ఇరవై ఒకటి."

"మరి మూడు ముక్కలూ ఇక్కడే ఉన్నాయేంటి? మర దిగిన గుర్తు కూడా లేదు వీటికి."

షెడ్డు రేకుల మీద గాలి చప్పుడు వినిపించింది. నెవ్ 13 అని రాసిన ముక్కను చేతిలోకి తీసుకుని, కోసిన అంచును బొటనవేలితో రుద్దాడు.

"ఆ ఏడాది జనవరిలోనే పెర్త్ వెళ్లిపోయారు వాళ్లు," అన్నాడు. "ఈస్టర్‌కి వస్తామన్నారు. అందుకే నేను మార్చిలో కోశాను."

"అంటే ఆమె ఒక్కసారైనా..."

"లేదమ్మా. ఒక్కసారీ పట్టుకోలేదు."

అరువు చెవి మూతలు బ్రియనీ ఒళ్లోనే ఉన్నాయి.

"నా భుజం ఇంకా నీలంగానే ఉంది," అంది. "నిజం చెప్పండి. ఇది ఎంత తన్నుతుంది?"

నెవ్ హార్ట్‌విగ్ ఒక ప్రశ్నకు జవాబిచ్చే ముందు ఆలోచించడం నేనెన్నడూ చూడలేదు. ఆ రోజు ఆలోచించాడు.

"తన్నుతుంది. నీకు కమిలినదాంట్లో సగానికన్నా తక్కువ, కానీ తన్నుతుంది. చప్పుడూ ఉంటుంది. ఆ మూతలు పెట్టుకోవాల్సిందే."

"మొదట తగలకపోతే?"

"తగలదు. మొదట ఎవరికీ తగల్లేదు."

ఆమె చెవి మూతలు బల్లమీద పెట్టలేదు, తలకు తగిలించుకుంది. నెవ్ తొమ్మిదేళ్లుగా విప్పని తూటాల పెట్టె సీలు గోరుతో చించాడు. ఇద్దరూ పేల్చే గీత దగ్గరకు నడిచారు. ఆయన ఆమె వెనక ఒక్క అడుగు దూరంలో నిలబడి, మడమ భుజంలోకి బాగా ఆనించమని చూపించాడు. నేను మీట నొక్కాను. బిళ్ల ఎగిరింది, తుపాకీ పేలింది, బిళ్ల చెక్కుచెదరకుండా వెళ్లి గడ్డిలో పడింది. తీగమీది గలాలన్నీ ఒక్కసారిగా లేచి, అరుచుకుంటూ గాదెలవైపు వెళ్లాయి.

బ్రియనీ భుజం తడుముకుంది. తుపాకీ విరిచి, ఇంకో తూటా కోసం చెయ్యి చాచింది.

నెవ్ తూటా ఇచ్చి, పక్షులు వెళ్లినవైపు, పడమటికి, చూశాడు.

"విన్నావా కోలీన్," అని కేకేశాడు. "పెర్త్ దాకా వినిపించి ఉంటుంది."

కోలీన్ గుమ్మంలో తడి చేతులు తుడుచుకుంటూ నిలబడింది.

"లేదు నెవ్," అంది. "అంత దూరం వినపడదు."

"అవును," అన్నాడు ఆయన. "మందు తక్కువ కదా."