గవరయ్య మావ అడిగిన మాట

కత్తిపీట ఎక్కడ దాచేసావే లహరీ? మంచం కిందా? సాయంత్రం గ్రహణమని మీ అత్త ప్రోతరాపూర్ నుంచి ఫోను చేసిందా? కడుపుతో ఉన్నదానివి, ఏదీ కొయ్యకు, కదలకుండా పడుకో అందా? అచ్ఛా. అయితే ఇలా వచ్చి కూకో. మీ ముత్తాత గవరయ్య సంగతి చెబుతాను. అదే, మా మావ. నువ్వు పుట్టకముందే పోయాడు. బీడీ ఆరిపోయినా నోట్లోంచి తీసేవాడు కాదు. అది సరే గానీ, మేం అప్పుడు ఈ దీవిలోనే, రేవుకి ఆ ఒడ్డున బాంబూఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. మీ నాన్న నా కడుపులో మూడో నెల. ఆవేళ సూర్యగ్రహణమని తెలుసు గానీ ఒకటే మబ్బు, ఎప్పుడు పట్టిందో ఎప్పుడు విడిచిందో ఎవరు చూసారు? పడవ నిండా చేప దిగింది. చేప ఆగుతుందా? కూకుని కోసేసాను. తీరా మీ నాన్న పై పెదవి చీలి పుట్టాడు. ఆఁ, ఆ మీసం ఊరికే పెంచాడనుకున్నావా? తర్వాత కుట్లేసి బాగు చేసారులే. మా అత్త ఎరుకమ్మ మాత్రం "గ్రహణం వేళ చేప కోసింది, కొడుకు పెదవి తెగింది" అని వీధంతా చెప్పేది. నన్ను కత్తిపీట ముట్టనిచ్చేది కాదు. వాడికి చెంచాతో పాలు పోస్తుంటే నాకూ అలాగే అనిపించేది, నా చేత్తో నేనే కోసుకున్నానేమో అని.

ఇదంతా మావ వింటూనే ఉన్నాడు. ఓ పొద్దున పిల్లాణ్ణి తువ్వాల్లో చుట్టి, ఓ వంజరం చేప పట్టుకుని, "రా కోడలా" అని చాతం రేవుకెళ్ళే బోటెక్కించాడు. అక్కణ్ణుంచి నడిచి ఓ బడికి. అక్కడో బెంగాలీ మాస్టారు, ఆనాటి గ్రహణం చూడ్డానికి పెద్ద దూర్బీను పెట్టినాయన. మావ హిందీ సగం తెలుగే. "మాస్టర్ సాబ్, ఆవేళ సూరీణ్ణి అంత దగ్గరగా సూసారు కదా, మా కోడలి తప్పేటైనా కనబడిందా?" అనడిగాడు. ఆయన నవ్వలేదే. "మబ్బు కదా భయ్యా, నాకు సూర్యుడే కనబడలేదు" అన్నాడు. పిల్లాణ్ణి ఎత్తుకుని పెదవి చూసాడు. "సూర్యుడెంత దూరమో తెలుసు. మళ్ళీ గ్రహణం ఎప్పుడో చెప్పగలం. నీడ దేన్నీ కొయ్యదు, అదీ తెలుసు. ఈ పెదవి ఎందుకిలా అయిందో మాత్రం మాలూమ్ నహీ. ఆ చుక్కల్లో కూడా మాకు తెలిసింది చిటికెడే బెహన్" అన్నాడు. అంత చదివిన మనిషి తెలీదనడం నేను వినడం అదే మొదలు. ఏడుపొచ్చేసింది. బాధతో కాదే, నెత్తి మీద గంప ఎవరో దించినట్టు. మావ చేప ఇవ్వబోతే వద్దన్నాడు, తినడట. బెంగాలీ అయ్యుండి చేప తినకపోవడమేటో, అదీ మాలూమ్ నహీ.

ఇంటికొచ్చి మావ బీడీ తియ్యకుండానే మా అత్తతో అన్నాడు, "ఏమే, దూర్బీను పెట్టి సూసినాయనకే తెలీదంట. నీకెలా తెలిసిందే?"  మా అత్త కాసేపు పొయ్యి ఊదింది, అందులో నిప్పు లేదు. తర్వాత కత్తిపీట నా ముందుకు జరిపి, "కొయ్యి కోడలా, వంజరం పాడైపోద్ది" అంది.

మావ ఆ పూట రెండు సార్లు పులుసు వేయించుకున్నాడు...

ఊఁ. మీ అత్తతో ఫోన్లో నేను మాట్లాడతాలే. ఆ మంచం కిందది ఇలా లాగు. గేటు చప్పుడైంది, మీ నాన్న చేప తెచ్చినట్టున్నాడు.