గండికి ముందు కేక

హలో… ఆ దుర్గా, నేనేనే, అక్కని. చెప్పు… విచిత్రం చూడు, నీకే చేద్దామని ఫోన్ చేతిలోకి తీసుకున్నా. ఇంతలో నువ్వే మోగించావు.

ఆ… పడతానే ఉంది. పొద్దున్నుంచీ తెరిపివ్వలేదు. తుఫాను తీరం దాటిందన్నారు, దాటి మన నెత్తిన కూర్చున్నట్టుంది. మధ్యాహ్నం అన్నం తిని లేచేసరికే దీపాలు పెట్టే వేళలాగా చీకటి… కరెంటా? నిన్ననగా పోయింది. మీకూ అంతేనా.

గాలా? అమ్మో. పడమటి గాలి. మా పశువుల పాక రేకు ఎగిరి మన రెండూళ్ళ మధ్య డ్రెయిన్‌లో పడింది. మీ వైపుకే కొట్టుకొస్తది, పట్టి దాచిపెట్టు. ఈ గాలికి నేనిక్కడ నిలబడి తిడితే అవతలి గట్టున నీకు వినపడుద్దే. నువ్వు తిరిగి తిట్టేది మాత్రం నాకు చేరదు. పెద్దదానికి ఆ మాత్రం లాభం ఉండాలిలే.

నీళ్ళా… దొడ్డి వాకిట్లోకొచ్చినయ్యి. కింది మెట్టు మునిగింది. నేను పైమెట్టు మీద నిలబడి మాట్లాడతన్నా.

చేనేం అడుగుతావులే. పాలు పోసుకునే చేను. ఎన్నులన్నీ నీళ్ళల్లో పడుకున్నాయి. రేపటికల్లా నీళ్ళు తీస్తే గింజ, లేదంటే గడ్డి.

ఎక్కడికి పోతాయే? పోయే దోవేది? డ్రెయిన్ నిండా గుర్రపుడెక్క. మొన్న ఎండాకాలం పూడిక తీస్తామని పొక్లెయిన్ దించారు, కొబ్బరికాయ కొట్టారు, ఫోటోలు దిగారు. తెల్లారేసరికి మిషన్ హనుమాన్ జంక్షన్ దాటిపోయింది. ఇటు చూస్తే మీ వైపు చెరువుల గట్లన్నీ డ్రెయిన్‌లోకి జరిపేశారు…

నిన్ను అనట్లేదే తల్లీ. మీ ఆయనొక్కడే జరిపాడా? ఊరు ఊరంతా జరిపారు. మీటింగ్ పెట్టి, వరిలో ఏముంది, చేపలేసుకుంటే ఊరు బాగుపడుద్ది, ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండన్నది ఎవరు? ఆఫీసర్లేగా. చెరువులు తవ్వుకోండి, డ్రెయిన్ మేం వెడల్పు చేస్తామన్నారు కూడాను. మీరు చేతులు దించారు, వాళ్ళు కారెక్కారు. అయిపోయింది.

సరే, ఆ సోది ఎందుకుగాని… నేనెందుకు చేద్దామనుకున్నానంటే, నువ్వు అక్షయని తీసుకుని ఇటొచ్చెయ్.

ఊరికేనే. అక్క ఇంటికి రావడానికి కారణం కావాలా? వంతెన ఇంకా మునగలేదుగా, గొడుగేసుకుని వచ్చెయ్…

ఏంటీ? నన్నే అటు రమ్మంటావా? … నువ్వు చేసింది అందుకా?

లేదులే, నేనెట్టా వస్తాను. గేదె కట్టేసి ఉంది, ఇవాళో రేపో ఈనుద్ది. నువ్వే రా. బూరెలొండా… అవును, బూరెలే. ఈ వానలో బూరెలేంటంటే ఏం చెప్పనే, వానలోనే తినాలి. అక్షయకి ఇష్టంగా.

అయ్యో, జ్వరమా? ఎప్పట్నుంచి? … ఒళ్ళు కాలిపోతందా. నేనొచ్చి చూడాలా…

ఉండు. వెనకాల ఎవరే, ‘అమ్మా నా పడవ మునిగింది’ అని ఎగురుతా నవ్వుతంది? అది అక్షయ కాదూ?

…

జ్వరమొచ్చిన పిల్ల వాన నీళ్ళల్లో కాగితం పడవలేస్తదా దుర్గా.

…

సరే. నేనూ బూరెలొండలేదు. పొయ్యే వెలిగించలేదు పొద్దున్నుంచి.

…

మీ ఆయనున్నాడా ఇంట్లో? … లేడా. ఎక్కడికెళ్ళాడు? … ‘అలా’ అంటే ఎలాగే? శివాజీ అలా వెళ్ళే రకమా, పక్క వీధికెళ్ళినా పది ఫోన్లు చేస్తాడు. ఫోన్ చెయ్యి, ఎక్కడున్నాడో అడుగు…

ఇంట్లోనే పెట్టి వెళ్ళాడా.

… మీ బావా? ఆయనా… అలా వెళ్ళాడు. … ఆయన ఫోనా? బియ్యం డబ్బా మీదుంది. నా కళ్ళెదుటే ఉంది.

…

దుర్గా. ఒకటడుగుతా, చెప్పు. మీ గోడకి ఆనించే పార ఉందా? … వెళ్ళి చూడు. …

లేదా.

మా పారా లేదే.

…

చెప్తున్నా, విను. మావాళ్ళు పొద్దున మిల్లు దగ్గర కూడారు. నాకెవరు చెప్తారు, మిల్లు తలుపు చాటు నుంచి విన్నా. ఫోన్లు ఇంట్లో పెట్టేసి వెళ్ళండి, టవర్ చూపించుద్ది, రేపు కేసులవుతాయి అనుకున్నారు. డ్రెయిన్ దాటి… మీ గట్టుకి గండి కొట్టాలని. నీ ఇంటెనకాలే, మోటారు పైపులు దించే రేవు దగ్గర. అక్కడ గట్టు గుల్లయిందంట. అందుకే రమ్మన్నానే. అందుకే బూరెలు.

తిట్టు. తిట్టవే, పడతా. పొద్దుననగా విని ఇప్పుడా చెప్పేది అంటావు, నిజమే. నేను విన్నానని తెలిసి ఒట్టేయించుకున్నాడు మీ బావ. బయటికి పొక్కితే మీవాళ్ళు కర్రలతో కాపలా కాస్తారు, తలలు పగులుతాయన్నాడు. మీ ఇద్దర్నీ ఇటు తెచ్చేసుకుంటే చాలనుకున్నా. ఒట్టూ నిలుస్తది, నువ్వూ…

ఏమన్నావు?

… మళ్ళీ చెప్పు.

… మా గట్టుకా.

… మా దొడ్డెనకాలా. గేదెలు దిగి దిగి అరిగిపోయిన చోట. … మీ ఆయన. … ఎప్పుడు దాటారు? … దోనెలో. … అందుకా పిల్లకి జ్వరం తెచ్చావు.

…

నవ్వట్లేదే. ఏడుపు రాక నవ్వొస్తంది. ఇటునుంచి మావాళ్ళు, అటునుంచి మీవాళ్ళు. ఒక గట్టు తెగితే రెండోది బతుకుద్ది. ఎవడు ముందు కొడితే వాడి ఊరు మిగులుద్ది.

బావ ఇట్టాంటి పని చేస్తాడనుకోలేదా? నేననుకున్నానా? చీమని తొక్కితే పక్కకి తప్పుకుని అయ్యో అనే మనిషి. ఎందుకంటే ఏం చెప్పనే? చేను మునిగితే పరిహారం పటమటలో ఉండే ఆసామికొస్తది. పట్టా ఆయనది. ఆయన గట్టు మీద కాలుపెట్టి ఎన్నేళ్ళయింది? కౌలు కార్డుకి సంతకం పెట్టండి బాబూ అంటే, పెడితే పొలం మీరే తినేస్తారంటాడు. ముంపు మాకు, చెక్కు ఆయనకి. ఈ చేను పోతే తిరుపతిరావు అనే రైతు ఉన్నట్టు గవర్నమెంటు కాగితం మీద ఎక్కడా లేదు. ఉరేసుకుంటే తప్ప తెలీదన్నాడే నిన్న. అన్నం ముందు కూర్చుని అన్నాడు.

… అవును. మీకూ అంతే, తెలుసు. గవర్నమెంటు గీసిన చేపల జోన్‌లో లేని చెరువుకి పరిహారం ఏమీ రాదన్నారు. చేతులెత్తించినప్పుడు జోను సంగతి చెప్పారా? … చేపలు గట్టు దాటితే మీరూ అంతే.

…

దుర్గా, నాన్న ఏమనేవాడు? గుర్తుందా. గండి కొట్టక తప్పని రోజొస్తది, కొట్టే ముందు మాత్రం అవతలి గట్టుకి కేక వెయ్యాలి. ‘పిల్లామేకా లేచారా’ అని కేక. అటునుంచి ‘లేచాం’ అని జవాబు కేక వస్తేనే పార దించాలి. ఆయన కేక వేస్తే మనం నిద్రలో ఉలిక్కిపడి అమ్మని పట్టుకునేవాళ్ళం. తగువులు తగువులే, కేక కేకే. … ఇప్పుడెవరు వేస్తారే. గొంతెత్తితే ఎవడో ఒకడు ఫోన్లో వీడియో తీస్తాడని భయం. దొంగల్లా వెళ్ళారు ఇద్దరూ.

మనం వేద్దాం.

అవునే, మనమే. మీ ఆయన మా దొడ్డెనకాలేగా ఉంది, నేను పిలుస్తా. మీ బావ మీ ఇంటెనకాల ఉంటాడు, నువ్వు పిలువు. నీ గొంతు గుర్తుపడతాడు. ఫోన్ మాత్రం కట్ చెయ్యకు. అక్షయని గడప దాటనియ్యకు. … వెళ్ళు వెళ్ళు.

… వస్తన్నా, నీళ్ళల్లో దిగా… మోకాళ్ళ దాకా ఉన్నాయే… ఉండు…

శివాజీ! ఓ శివాజీ!

… కనపడతన్నారే దుర్గా. గోనెసంచులు కప్పుకుని గట్టు మీద వంగున్నారు. ఎవరెవరో తెలీట్లేదు…

శివాజీ! నేనయ్యా, కనకలక్ష్మి వదినని! ఇంట్లో మనుషులున్నామయ్యా! ఇంకా లేవలేదయ్యా!

… ఒకడు నిలబడ్డాడు. ఇటు తిరిగాడు. … శివాజీయే. అవునే, మీ ఆయనే, ఆ పొడుగు చేతులు తెలీవా నాకు.

… పార దించాడే! దించాడు దుర్గా, పక్కన పడేశాడు. పక్కోడు ఏదో అరుస్తన్నాడు… మీ ఆయన వాడి చెయ్యి పట్టుకుని ఆపుతున్నాడు. నా వైపు చూసి చెయ్యి ఊపుతున్నాడే. … ఏడుస్తావేంటే, ఆపాడంటే! నీ మొగుడు దేవుడే. మొన్న పెళ్ళిలో అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నా.

ఇప్పుడు నీ సంగతి చెప్పు. వెళ్ళావా? … కనపడతన్నారా? … ఆ నీలం పట్టా కప్పుకున్నది మీ బావే. పిలువు.

… గట్టిగా పిలువు.

… తిరగలేదా. ఇంకా గట్టిగా. పేరు పెట్టి పిలిచెయ్, ఏం కాదు, ఇవాళ తప్పు లేదు. … వీపులే కనపడతన్నాయా.

గాలే. ఈ మాయదారి గాలి ఇటునుంచి అటు కొడతంది. నీ గొంతు నీ మొహానికే తిరిగొస్తందే. … బిందె కొట్టు. పళ్ళెం మోగించు. దగ్గరికి… వద్దు! వద్దు, గట్టు దగ్గరికెళ్ళకు! అక్కణ్ణుంచే. అక్కణ్ణుంచే దుర్గా, నా మాట విను.

శివాజీ! అటు తిరిగి నువ్వు కేక వెయ్యవయ్యా! మా ఆయన్ని పిలువు, వాళ్ళు మీ ఇంటెనకాల ఉన్నారు! నీ గొంతైతే గాల్లో అటు పోద్ది! పిలువు నాయనా!

… వేస్తున్నాడే, మీ ఆయన వేస్తున్నాడు కేక. అందరూ వేస్తున్నారు. వినపడతందా నీకు? … వినపడతందా! చూడు, మీ బావ చూడు, తల ఎత్తాడా? …

… ఎత్తాడా. ఇటు చూస్తున్నాడా! హమ్మయ్య, నా తల్లే. పార పడేశాడా? … ఆపాడా?

… ఆపితే గట్టులోంచి నీళ్ళు ఎట్టా వస్తయ్యే.

… సన్నగానా. సన్నగా అంటే? చేతి మందమా? మూసెయ్యమను. మట్టి వెయ్యమను, బస్తాలు వెయ్యమను. … వేస్తున్నారా. … మీ బావ అడ్డంగా కూర్చున్నాడా? వీపు పెట్టా? అక్కణ్ణుంచి లేవమనవే! లేవమను ఆయన్ని! దుర్గా, లేవమను—

…

ఏంటా చప్పుడు?

… నీకు పక్కనేనా. మాకు ఇక్కడిదాకా వినపడింది. ధాన్యం బస్తాలన్నీ ఒక్కసారి దొర్లినట్టు. … మా గట్టు కాదే. మా గట్టు మీద మనుషులు నిలబడే ఉన్నారు. అందరూ మీ వైపే చూస్తున్నారు. మీ ఆయన నెత్తి మీద చేతులు పెట్టుకున్నాడు.

దుర్గా. మీ బావ కనపడతన్నాడా?

… నీలం పట్టా. నీలం పట్టా చూడవే.

… గట్టు మీద ఎవరున్నారు? … ఎవరూ లేకపోవడమేంటి… గట్టే లేదా.

…

పిల్లని ఎత్తుకో. ఏం తియ్యకు, ఏం సర్దకు. డాబా ఎక్కు. … మెట్లు కట్టలేదుగా. నిచ్చెనేది? … చెరువు దగ్గరా. కిటికీ ఎక్కు, పిల్లని ముందు పైకి తొయ్యి, సన్‌షేడ్ పట్టుకోమను. మీ ఆయన వస్తున్నాడు, దోనె వైపు పరిగెడుతున్నాడు, నేను చూస్తున్నా. మాట్లాడతా ఉండు. మాట్లాడవే…

… ఎంత దాకా వచ్చినయ్యి? … ఇంత తొందరగానా.

దుర్గా… మా కింది మెట్టు…

మా కింది మెట్టు బయటపడతందే. నా కాళ్ళ దగ్గర నీళ్ళు లాగుతున్నాయే. మా వాకిట్లో నీళ్ళు తీస్తున్నాయే తల్లీ… అన్నీ నీ మీదకే… ఎక్కవే! అక్షయా, ఎక్కమ్మా, పెద్దమ్మని, ఎక్కు…

హలో…

దుర్గా? … లేచారా? … లేచామని ఒక్క కేక వెయ్యవే.

… హలో…