మాట మొదటి గడిలో, గొంతు రెండో గడిలో

రెండువేల ఇరవై ఫిబ్రవరి తొమ్మిదో తేదీన, ఇక్కడ పనివారం ఇంకా ఆదివారంతోనే మొదలయ్యే రోజుల్లో, శ్రీ కొల్లాబత్తుల ఏసుదానంగారు ఫుజైరాలోని మన నావికుల వైద్యశాలలో రష్యన్ దుబాసీగా బాధ్యతలు స్వీకరించారు. తాళ్ళరేవులో చెక్కపడవలు కట్టే వడ్రంగి ఇంట పుట్టి, హైదరాబాదులో రష్యన్ అభ్యసించి, విశాఖలో ఇరవై ఎనిమిదేళ్లు యంత్రాల పుస్తకాలను అనువదించిన మనిషికి యాభై అయిదో ఏట ఈ గల్ఫ్ ఉద్యోగం ఏమిటని బంధువులు ముక్కున వేలేసుకున్నారు. "పుస్తకాలతో మాట్లాడి విసుగొచ్చిందండీ, ఇక మనుషులతో మాట్లాడతాను" అన్నారాయన.

ఆయన వచ్చిన నెలన్నరకే మహమ్మారి లోకాన్ని కమ్మేసింది. ఓడలు సముద్రంలోనే లంగరు వేసుకున్నాయి, నావికులకు నేల మీద కాలు పెట్టే వీలు లేకపోయింది. డాక్టర్లు ఫోనులోనే పరీక్షించేవారు, రోగికీ డాక్టరుకూ నడుమ ఏసుదానంగారి గొంతు ఒక్కటే వారధిగా ఉండేది. ఆ జులైలో ఒక సరుకు ఓడ నుంచి ముప్పై ఒక్కేళ్ల మెకానిక్కు మాట్లాడాడు. జబ్బని చెబితే ఒప్పందం రద్దవుతుందన్న భయంతో కాబోలు, ఎన్నిసార్లు అడిగినా "జ్దరోఫ్" అనే జవాబిచ్చాడు. ఆరోగ్యంగా ఉన్నానని అర్థం. ఆ ఒక్క మాట అనడానికి ముందూ వెనకా అతను ఊపిరి కూడదీసుకోవడం ఏసుదానంగారు విన్నారు. అయితే దుబాసీ అన్నవాడు ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట తీయకూడదు. ఆ నియమం ప్రకారం విన్న మాటను మాత్రమే డాక్టరుగారికి అప్పగించారు. నాలుగో రోజున ఆ కుర్రాణ్ణి పడవలో ఒడ్డుకు తెచ్చారు. తొమ్మిదో రోజున అతను కన్నుమూశాడు.

ఏసుదానంగారు రాజీనామా పట్టుకుని, ఆ కుర్రాణ్ణి ఫోనులో పరీక్షించిన మన ప్రధాన వైద్యురాలు గౌసియాగారి గదికి వెళ్లారు. కర్నూలు ఆడపడుచైన ఆమె ఆ కాగితాన్ని వెనక్కి తోసేశారు. "నేను తీస్కోను ఏసుదానం సాబ్. తప్పు మీదొక్కరిదే కాదు, గొంతు ఎట్లుందని నేనూ అడగలే. మీరు పోతే ఆ పిలగాళ్ల మాట నాకెవరు చెప్తారు? ఖలాస్, కూర్చోండి."

ఆయన కూర్చున్నారు కానీ "జ్దరోఫ్" అన్న ఆ మాట ఆయన్ను వదల్లేదు. డ్యూటీ అయ్యాక దాని పుట్టుపూర్వోత్తరాలు వెతకసాగారు. బల్గేరియన్ల "జ్ద్రవ్", పోలిష్ వారి "జ్ద్రోవి", ఈ రష్యన్ మాట అన్నీ ఒకే తల్లి బిడ్డలు. ఆ తల్లిమాట ఎక్కడా రాతలో దొరకదు, బిడ్డల పోలికలను బట్టి పండితులు పునర్నిర్మించినది కనుక దాని ముందు నక్షత్రపు గుర్తు ఉంచుతారు. ఆ ప్రాచీన స్లావిక్ విశేషణం పుంలింగంలో సుదోర్వు, స్త్రీలింగంలో సుదోర్వ, నపుంసకంలో సుదోర్వొ. సంస్కృతంలో లాగే దానికీ ద్వివచనం ఉంది, విభక్తిని బట్టి తోక మారుతుంది, "ఆ ఆరోగ్యవంతుడు" అని నిర్దిష్టంగా చెప్పాలంటే చివర ఒక సర్వనామం వచ్చి అతుక్కుంటుంది. ఆ రూపాలన్నిటినీ పెద్ద కాగితం మీద గళ్లు గీసి గోడకు అంటిస్తే, నర్సు మరియకుమారిగారు అది డ్యూటీ పట్టిక అనుకుని తన పేరు కోసం పావుగంట వెతికారు. ఆ కుర్రాడు పోయాక ఏసుదానంగారు నవ్వడం అందరూ మొదటిసారి చూసింది ఆ రోజే.

ఆ మాటలో "సు" అంటే మంచి, "దోర్వు" అంటే మన దారువు. మంచి కలపతో చేసినవాడే ఆరోగ్యవంతుడు. దోర్వును స్థిరమని అర్థమున్న ధ్రువ శబ్దంతో ముడిపెట్టే పండితులూ ఉన్నారని ఆయన పక్కనే నిజాయితీగా రాసుకున్నారు. ఆ కాగితం ముందు నిలబడి ఒకనాడు మరియకుమారిగారితో అన్నారు: "మా నాన్న కర్రని కంటితో చూసి కొనేవోడు కాదమ్మా. తట్టి, చెవి పెట్టి వినేవోడు. పైకి నిగనిగలాడేదే లోపల గుల్లగా ఉంటదనేవోడు. నేను విన్నాను గానీ, విన్నది చెప్పలేదు."

ఆ పశ్చాత్తాపం నుంచే మన వైద్యశాల నేటికీ వాడుతున్న రెండు గళ్ల పత్రం పుట్టింది. మొదటి గడిలో రోగి అన్న మాట, రెండో గడిలో ఆ మాట అన్న తీరు. రెండువేల ఇరవై రెండులో ఒక బల్గేరియన్ వంటవాడు రష్యన్‌లో తనకేమీ లేదన్నప్పుడు, "మూడు మాటలకోసారి ఆగుతున్నాడు" అని రెండో గడిలో ఏసుదానంగారు రాశారు. గంటలో పడవ వెళ్లింది. ఆ వంటవాడు నెల తర్వాత తన కాళ్లతో నడిచి విమానం ఎక్కాడు. "ఒకడు బతికాడని ఇంకొకడు లేచి రాడు కదండీ" అన్నారాయన.

అభినందన సంచికలో ఈ విషాదమెందుకని ఎవరికైనా అనిపించవచ్చు. ఇది ఆయన పెట్టిన షరతు: "పొగడ్తలు తగ్గించి ఆ కుర్రాడి సంగతి రాయండి. లేకపోతే నా పేరే వెయ్యొద్దు."

రెండువేల ఇరవై అయిదు మే నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న ఏసుదానంగారు, సతీమణి జాయ్స్‌గారితో కలిసి, లోపలా బయటా గట్టి కలపలా నూరేళ్లూ నిండుగా వర్ధిల్లాలని ఈ వైద్యశాల కుటుంబం మనసారా కోరుకుంటోంది. తాళ్ళరేవుకు ఫోన్ చేసి ఎలా ఉన్నారని అడిగితే, ఆయన ఎప్పటిలాగే "బాగానే ఉన్నానండీ" అంటారు. ఆ మాటను మొదటి గడిలో రాసుకుంటాం. ఫోన్ మాత్రం అప్పుడే పెట్టేయం, ఆయన మాకు నేర్పినట్టు ఇంకాసేపు వింటాం.