ఆ ప్యాకేజీని కంప్యూటర్లో ఎక్కించమన్నదెవురు సారూ?

పెట్టేయాకండి సారూ, ఫోను పెట్టేయాకండి! మీ సంతాపం ఎవురికి కావాల?

ఆ, బాలసుబ్బయ్యనే. దజీజ్ పేటలో, మన ఆఫీసులో మీకు టీ ఇచ్చే బాలసుబ్బయ్యను. మా అక్క కొడుకు సూర్యకిరణ్ పోయి పదకొండు దినాలాయ.

కంప్యూటర్లు చెడిపింది వాడే అని ఈ అరబ్బు దేశం నుంచి కాగితం రాసి ఊరికి పంపినారంటనే? మా అక్కకు ఎవురో చదివి చెప్పినారు. కొడుకు పోయిన తల్లికి పంపే కాగితమా అది? గుండె ఆగి పోయినాడు, సరే. ఉద్యోగం పీకేసిన వారానికే ఎందుకు ఆగిందబ్బా, ఇరవయ్యేడేండ్లోనికి?

నాకేం తెలుసా? సదువు లేదు, చెవులుండాయి గదా! వాడు మీ టేబుల్ కాడ నిలబడి ఏమన్నాడు? "సార్, ఈ ప్యాకేజీ ఉబుంటు సిస్టమ్‌కు చేసింది. మన గోడౌన్ సర్వర్‌లో ఉండేది డెబియన్ సిస్టమ్. దాంట్లో లైబ్రరీ ఫైళ్ళు పాతవి, దీనికి పడవు. ఒగ దినం ఇయ్యండి, వేరే మిషన్లో ఏసి చూస్తా" అనలే?

మీరేమన్నారు? "రెండూ ఒకే ఇంటివేరా, డెబియన్ కడుపున పుట్టిందే ఉబుంటు. ఫోర్స్ కొట్టి బలవంతంగా ఎక్కించు, యల్లా, తొందరగా కానీ!"

ఒకే ఇంటివంట! మన ఊరి రెగ్యులేటరు ఈడి సిలిండర్‌కు పడతాదా? రెండూ గ్యాసే గదా! బలమంతా పెట్టి బిగిస్తే ఏమైతాదో టీ కాసేటోనికి తెలుసు, ఇంజనీరుకు తెలీదు!

కొట్టినాడు పాపం. సర్వర్ పడిపాయ. రెండు దినాలు లారీలన్నీ గేటు కాడే. పైన పెద్ద మేనేజరు, ముదీర్ అడిగితే, "నేను చెప్పలే, వాడే సొంతంగా చేసినాడు" అంటివి. నోరెట్లా వచ్చెరా నీకు?

ఆ, 'రా' అనే అన్నా. ఏం చేస్తావు?

ఏందీ... సాక్షి ఎవురా?

నేనే. ట్రే పట్టుకోని నీ పక్కనే ఉంటి గదా.

ముదీర్ నన్ను పిలిచిన పొద్దు, టీ తీసుకుంటా నవ్వతా అడిగితిరే, "పెద్దాయనా, నీ ఇఖామా ఎప్పటికి అయిపోతాది?" అని. అంతే. ఆ పర్మిట్ మళ్ళా కొట్టకుంటే ఈ దేశంలో నాకు ఉండేదానికి లేదని మీకు తెలుసు.

లోపలికి పోయి, "నాకేం ఇనపళ్ళే" అంటి సారూ. ఏలిముద్ర గూడా ఏస్తి. నా చేతుల్లో పెరిగినోడు, ఎదురుగానే నిలబడిండె. నా మొగం చూసి, "పోనీలే మామా" అన్నె.

కొత్త ఇఖామా నిన్ననే వచ్చింది. రెండేండ్లకు కొట్టినారు. ఎవుని కోసరం ఉండాల్నో ఈడ, అది గూడా మీరే చెప్పండి.